డబ్బా మూతలో పట్టని మనిషి

ఫోను మోగేసరికి మా ఆయన సగం గడ్డం గీసుకుని ఉన్నాడు. మిగతా సగం మీద సబ్బు నురగ. నేను మాట్లాడి ఫోను పెట్టేసి, ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లి అతన్ని వాటేసుకున్నాను. నురగంతా నా చెంపకీ చెవికీ అంటుకుంది.

"ఏమైంది? లాటరీ తగిలిందా?" అన్నాడు బ్లేడు దూరంగా పట్టుకుని.

"పెద్ద హాల్లోకి పిల్లల్ని రానిస్తారట."

"అంటే లాటరీ కన్నా పెద్దదే" అని మిగతా నురగ నా ముక్కుకి రాశాడు.

అప్పటికి మా పెళ్లి ఇంకా కొత్త. అతని చొక్కా, నా కోటు ఒకే కొక్కేనికి వేలాడుతుంటే చూసి నాలో నేను నవ్వుకునే రోజులు. ఉద్యోగమూ కొత్తే. మ్యూజియానికి వచ్చినవాళ్లకి బొమ్మల గురించి చెప్పడం నా పని, అదీ వేసవి వరకే. పేరున్న చిత్రాలన్నీ పెద్ద హాల్లో ఉంటాయి. పదేళ్లలోపు పిల్లలకి ప్రవేశం లేదని దాని గుమ్మం పక్కనే బోర్డు. చిన్నప్పుడు నన్ను కూడా ఆ బోర్డు దగ్గరే ఆపేశారు. మా నాన్న లోపలికి వెళ్లి చూసొచ్చి, బెంచీ మీద కాళ్లూపుకుంటూ కూర్చున్న నాకు అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆ చేతులు బాగా గుర్తున్నాయి కానీ, బొమ్మలు మాత్రం పెద్దయ్యాకే చూశాను.

ఇప్పుడు కుదిరిన ఒప్పందం ఇది. మ్యూజియానికి వారపు సెలవు రోజున, జనం లేనప్పుడు, పిల్లలకి ఒక గంట. వేసవి చివర కమిటీ వచ్చి చూస్తుంది. వాళ్లకి నచ్చితే పిల్లల గంట ఉంటుంది, నేనూ ఉంటాను. నచ్చకపోతే బోర్డు ఉంటుంది, నేను ఉండను.

ముఖం కడుక్కుని ముందుగదిలోకి పరిగెత్తాను. మా అత్తయ్య ఆ గదిలో, పనికి వెళ్లే తల్లుల పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకునేది. అప్పుడే ఒకడి చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. ఒళ్లో పాత బిస్కెట్ల డబ్బా, దాన్నిండా గుండీలు.

"అత్తయ్యా, మీ పిల్లల్ని నాకివ్వాలి. స్కూళ్లన్నీ మూసేశారు. నాకు ఇంకెక్కడా దొరకరు."

"ఏం చేసుకుంటావు?"

"పేరున్న బొమ్మలు చూపిస్తాను."

"పేరున్నవంటేనే నాకు భయం. పేరు లేనిది పగిలితే ఊడ్చి పారేస్తాం" అంది దారం కొరుకుతూ.

"మీ ఒళ్లో ఉన్న డబ్బా మీది బొమ్మ కూడా అక్కడిదే. అసలుది చూస్తే వాళ్లు ఎగిరి గంతేస్తారు."

అత్తయ్య మూత తీసి చూసింది. 'వాన వెలిసిన వీధి' మా మ్యూజియంలో అన్నిటికన్నా పేరున్న చిత్రం. అది ఎక్కని క్యాలెండరు లేదు, ఎక్కని డబ్బా లేదు. తడిసిన రాళ్ల వీధి, నిచ్చెన మోసుకెళ్లే మనిషి, గొడుగు దులుపుకుంటున్న ముసలాయన. మధ్యలో ఒక చిన్నపిల్ల నీటిగుంట దాటడానికి దూకి, గాల్లో ఉంటుంది.

"ఈ పిల్లా? మూత తీసినప్పుడల్లా నీళ్లలో పడబోతూనే ఉంటుంది. ఇన్నేళ్లొచ్చాయి, గీసినాయనకి దాన్ని కిందికి దింపాలని తోచలేదు. పక్కన ఇంతమంది ఉన్నారు, ఒక్కడికీ దాన్ని పట్టుకుందామని లేదు."

"మీరూ రండి, అసలుది చూద్దురుగాని."

"నాకెందుకమ్మా బొమ్మలు? చూసుకోడానికి వీళ్లు చాలరూ? తీసుకెళ్లు. కానీ ఒక్క మాట. గడప దాటాక తాడు వదలకూడదు. వీళ్లకి నేను నేర్పిన పెద్ద చదువు అదే."

తాడు సంగతి చెప్పాలి. అత్తయ్య పిల్లలు వీధిలో చేతులు పట్టుకుని నడవరు. పొడవాటి తాడు ఒకటి ఉంటుంది, మూరకొక ముడి, ముడికొక రంగు గుడ్డపేలిక. ఎవరి రంగు వాళ్లది. తాడు కొస పట్టుకుని అత్తయ్య ముందు నడుస్తుంది, అదీ వెనక్కి. పిల్లలకి ఎదురుగా, దారికి వీపు పెట్టి. మా వీధిలో సైకిళ్లూ తోపుడుబళ్లూ ఆవిడని చూసి వాటంతటవే పక్కకి తప్పుకునేవి. "ముందేముందో చూసుకోరా?" అని పెళ్లైన కొత్తలో అడిగాను. "ముందున్నది ఎక్కడికీ పోదు. పోయేవాళ్లు వీళ్లే" అంది.

మొదటి వారం పిల్లలతో నేనొక్కదాన్నే బయల్దేరాను. మా ఆయన నడిపే బస్సే మ్యూజియం మీదుగా వెళ్తుంది. స్టాపు రాగానే అద్దంలో నన్ను చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "మ్యూజియం. బొమ్మలు చూసేవాళ్లు, బొమ్మలా ఉన్నవాళ్లు ఇక్కడ దిగాలి." బస్సంతా నవ్వింది. నేను తల దించుకుని, లోలోపల గెంతుకుంటూ దిగాను.

గుమ్మంలో క్యూరేటర్ గారు నిలబడి ఉన్నారు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా వాళ్ల వెనక గోడకేసి చూస్తారు, అక్కడేదో వంకరగా వేలాడుతున్నట్టు.

"ఇదేమిటి?"

"తాడండి. పిల్లలు పట్టుకుని నడవడానికి."

"గొడుగులు, సంచులు, తాళ్లు బయటే."

లోపలికి రానిస్తున్నారన్న సంతోషంలో నాకు ఆ మాట సబబుగానే తోచింది. తాడు చుట్ట చుట్టి గొడుగుల పక్కన పెట్టాను. పిల్లలు ఒకసారి దానికేసి, ఒకసారి తమ ఖాళీ చేతులకేసి చూసుకున్నారు.

కాలేజీలో చదివిందంతా ఒక్క గంటలో వాళ్లకి ధారపోద్దామనుకున్నాను. వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో, రంగు మీద రంగు ఎలా పూశారో చెప్పడం మొదలుపెట్టాను. పిడుగని మేం పిలుచుకునేవాడు పాలరాతి నేల మీద వెల్లకిలా పడుకుని, "కొత్తక్కా, ఇక్కడ చల్లగా ఉంది, నువ్వూ పడుకో" అన్నాడు. పిల్లలందరికీ నేను కొత్తక్కనే. ఎందుకమ్మ అనే పిల్ల నా కొంగు కాదు, నా మాటల కొసే పట్టుకుని లాగింది. "ఎందుకు ఇక్కడ కిటికీలు లేవు? ఎందుకు ఆ రాజు నవ్వడు? ఎందుకు మనం మెల్లగా మాట్లాడాలి?" మూడోవాడి ముద్దుపేరు దొరగారు. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు, మాట్లాడితే పన్ను కట్టాలన్నట్టు ఉంటాడు.

ఆ దొరగారే హాలు చివరి గోడ కనపడగానే నోరు తెరిచాడు.

"మన డబ్బా."

అందరూ పరిగెత్తారు. చిత్రం ముందు ఇత్తడి కంబాలు, వాటి మధ్య ఎర్రటి మెత్తని తాడు. దాన్ని చూడగానే పిల్లలు ఠక్కున ఆగి, ఎవరూ చెప్పకుండానే వరసగా నిలబడి తాడు పట్టుకున్నారు. నాకు గర్వంతో కళ్లు చెమర్చాయి.

"నా ఆకుపచ్చ ఏది?" అంది ఎందుకమ్మ.

ఎవరి ముడి వాళ్లు వెతుక్కోవడం మొదలైంది. ఒకళ్లు ఇటు లాగితే ఇంకొకళ్లు అటు లాగారు. మొదటి కంబం వంగి, పక్కదాన్ని లాగింది. అది ఇంకోదాన్ని లాగింది. పాలరాతి మీద ఇత్తడి పడితే ఎంత చప్పుడవుతుందో ఆ రోజే తెలిసింది. ఆ వెంటనే అలారం గంట మొదలైంది.

క్యూరేటర్ గారు పరిగెత్తుకొచ్చారు. ముందు చిత్రాన్ని చూశారు, తర్వాత పిల్లల్ని. కంబాలన్నీ నేల మీద ఉన్నాయి. పిల్లలు మాత్రం ఆ తాడు పట్టుకుని, అలాగే వరసలో ఉన్నారు.

"ఆ బోర్డు ఎందుకు పెట్టామో ఇప్పుడు తెలిసిందా?" అన్నారు నా వెనక గోడతో.

ఇంటికొచ్చి వంటింట్లో ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాను. అత్తయ్య గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏడుపా, ఉల్లిపాయలా?"

"రెండూను."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు."

"ఆ బొమ్మకి?"

"లేదు."

"మరి, తాడు వదిలారా?"

"ఒక్కళ్లూ వదల్లేదత్తయ్యా. గొడవంతా అందుకే."

జరిగింది చెప్పాను. అత్తయ్య పీట లాక్కుని కూర్చుంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట పట్టుకుంది, చివరికి తనే కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. "నా పిల్లల తప్పేముంది? తాడు కనపడింది, పట్టుకున్నారు. ముడుల్లేని తాడు పెట్టుకున్నది మీవాళ్లు."

అప్పుడే మా ఆయన వచ్చాడు. "మ్యూజియంలో గంట మోగిందట, ఏం పోయిందని బస్సులో ఒకటే అడగడం."

"నువ్వేమన్నావు?"

"విలువైనది ఒక్కటే బయటికొచ్చింది, అది నా బస్సే ఎక్కింది, భయం లేదన్నాను."

అత్తయ్య కొడుకు నెత్తి మీద ఒక్కటి వేసింది. నేను ఏడుపు మధ్యలో నవ్వి, ఆ రెండిటి మధ్యా ఎక్కిళ్లు తెచ్చుకున్నాను.

మర్నాడు క్యూరేటర్ గారి గదికి వెళ్లి, తాడు కథంతా చెప్పి, ఇంకొక్క వారం ఇమ్మని అడిగాను. ఆయన గోడకేసి చూశారు.

"ఆ గంట మోగితే పెద్దవాళ్లు తలో దిక్కుకీ పరిగెడతారు. నేను చూశాను" అన్నారు. "వీళ్లు పట్టుకున్నది వదల్లేదు. సరే, ఇంకొక్క వారం. ఆ తాడు లోపలికి తీసుకురండి. దాన్ని నడిపించే మనిషిని కూడా."

అలా మా అత్తయ్య పెద్ద హాల్లోకి వెనక్కి నడిచి ప్రవేశించింది. రాజులూ యోధులూ పండ్లబుట్టలూ ఆవిడకి రెండువైపులా వరసగా నిలబడి ఉంటే, ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే. "వెనకాల మెట్లేమైనా ఉన్నాయా?"

'వాన వెలిసిన వీధి' ముందు ఆగాం. పిల్లలు ఎవరి ముడి దగ్గర వాళ్లు. అత్తయ్య తాడు కొస పట్టుకుని, చిత్రానికి వీపు పెట్టి, పిల్లలకి ఎదురుగా నిలబడింది.

"ఒక్కసారి తిరిగి చూడండత్తయ్యా."

"నువ్వు చెప్పుకో. నేను అటు తిరిగితే వీళ్లు ఇటు తిరుగుతారు."

ఈసారి పాఠం ఇంట్లోనే వదిలేసి వచ్చాను. "మన డబ్బా మీద ఉన్నట్టే ఉందా?" అని మాత్రం అడిగాను.

ఇన్ని కళ్లు ఒకేసారి ఒక బొమ్మని అంత పట్టుదలగా చూడగా నేనెప్పుడూ చూడలేదు.

"లేదు. ఇది దొంగ బొమ్మ. మనదే అసలుది" అన్నాడు పిడుగు. "దీంట్లో ఒకావిడ ఎక్కువుంది."

నిజమే. ఎడమ అంచున, ఒక గుమ్మంలో, చీకట్లో సగం కలిసిపోయి ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. డబ్బా మూత చిన్నది కదా, అచ్చువేసినవాళ్లు ఆవిడని కత్తిరించేశారు.

"ఎందుకుంది ఆవిడ?" అంది ఎందుకమ్మ.

నేను చెప్పబోయి ఆగాను. దొరగారు ముడి పట్టుకునే ముందుకు వంగి, ఆవిడ చాపిన చేతులు చూశాడు, గాల్లో ఉన్న పిల్లని చూశాడు.

"పట్టుకోడానికి" అన్నాడు.

ఆ చిత్రం మీద కాలేజీలో నేను పేజీలకి పేజీలు రాశాను, తడిరాళ్ల మీద మెరుపు గురించి.

అక్కణ్నుంచి ఆ వేసవి ఎలా గడిచిందో నాకే తెలీదు. 'ఇంకొక్క వారం' అన్న మాట క్యూరేటర్ గారు మళ్లీ ఎత్తలేదు. ప్రతి వారం బస్సు, ముడితాడు, హాలు. పిల్లలు రాజుగారిలా మొహం పెట్టేవారు, పండ్లబుట్టలో ఏ పండు ముందు కుళ్లుతుందో పందెం వేసుకునేవారు. క్యూరేటర్ గారు గోడ మీది తేమ కొలిచే మీటరు చూడ్డానికి మాటిమాటికీ అటే వచ్చేవారు. అంతగా చూస్తే ఆ మీటరుకే సిగ్గేసి ఉంటుంది.

"ఆ రాజుగారి గుర్రం గురించి ఏమంటున్నారు వాళ్లు?" అన్నారొకరోజు.

"దానికి కడుపునొప్పిగా ఉందంటున్నారండి."

ఆయన గొంతు తగ్గించారు. "నాకూ మొదట్నుంచీ అదే అనుమానం."

ఇంట్లో మాత్రం పెద్ద తగాదా నడిచేది. "నా డబ్బా మీద ఎవరూ లేరు. మీరంతా కలిసి నాకు కథలు చెబుతున్నారు" అనేది అత్తయ్య. పిల్లలు ఒట్లు పెట్టుకునేవారు. చివరికి దొరగారు మూత తీసి నేల మీద పెట్టి, దాని పక్కన సుద్దముక్కతో ఆవిణ్ని గీశాడు. గుమ్మం, మోకాళ్లు, చాపిన రెండు చేతులు. మొహం దగ్గర ఆగిపోయాడు. "మొహం నాకు రాదు బామ్మా. నువ్వే చూసుకో" అన్నాడు. సాయంత్రం గది తుడిచేటప్పుడు అత్తయ్య చుట్టూతా తుడిచి, ఆ సుద్దబొమ్మ ఉన్నంతమేర పొడిగా వదిలేసింది. మర్నాడూ అంతే.

కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. బస్సులో మా ఆయన జోకు వేయలేదు. స్టాపులో దిగుతుంటే, "సాయంత్రం ఇదే బస్సు" అన్నాడంతే. అంటే అతనికీ భయంగానే ఉందన్నమాట.

కమిటీ అంటే గంజి పెట్టినట్టున్న కొందరు పెద్దమనుషులు, వాళ్ల ముందు అధ్యక్షురాలు. తెల్లజుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. "మొదలుపెట్టండి. మమ్మల్ని లేనట్టే అనుకోండి" అంది.

అంతమంది వచ్చి నిలబడి, లేనట్టు అనుకోమంటే ఎలా? పిల్లలు బిగుసుకుపోయారు. 'వాన వెలిసిన వీధి' చూపించి, "ఏం కనిపిస్తోంది?" అని అడిగాను. పిడుగు తన బూట్లకేసి చూశాడు. ఎందుకమ్మకి కూడా ఏ ప్రశ్నా తోచలేదు. దొరగారి సంగతి అడగక్కర్లేదు. ఒక పెద్దమనిషి చేతి గడియారం చూసుకున్నాడు. వెనక ఎక్కడో క్యూరేటర్ గారు చిన్నగా దగ్గారు. బోర్డు, బెంచీ, దాని మీద ఊగే కాళ్లు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అత్తయ్య నాకేసి చూడలేదు. పిల్లలకేసి చూస్తూ, తాడుని ఒక్కసారి మెల్లగా లాగి వదిలింది, వీధి దాటే ముందు లాగినట్టు.

అధ్యక్షురాలికి విసుగు పుట్టినట్టుంది. కళ్లజోడు పెట్టుకుని చిత్రం దగ్గరికి తనే నడిచింది. ఎర్రతాడు మీంచి వంగి, "ఈ మూలనున్న మనిషి..." అంటూ వేలు చాపింది.

"పెద్ద బామ్మా, నీ ముడి ఏది?"

ఎందుకమ్మ గొంతు హాలంతా మోగింది. అధ్యక్షురాలి వేలు గాల్లోనే ఆగింది.

"నా ముడా?"

"ముడి పట్టుకోకుండా బొమ్మ దగ్గరికి వెళ్లకూడదు. ఎర్రతాడు అసలే ముట్టుకోకూడదు. పడిపోతుంది. మాకు తెలుసు."

అత్తయ్య తాడు చివరికేసి గడ్డంతో చూపించింది. "కొత్తగా వచ్చేవాళ్లవి ఆ చివర ఉన్నాయండీ. రంగు పేలికలు ఇంకా కట్టలేదు, ఏమీ అనుకోకండి."

అధ్యక్షురాలు తన వేలు చూసుకుంది, ఆ పిల్లని చూసింది. నడిచి వెళ్లి, దొరగారి పక్కనున్న రంగులేని ముడి పట్టుకుంది.

"ఇప్పుడు అడగొచ్చా? ఆవిడెవరు?"

"ఆ పిల్ల కిందికి చూడ్డంలేదు. చూడు" అన్నాడు దొరగారు. "ఆవిడ్నే చూస్తోంది. అందుకే భయపడట్లేదు."

"అయితే ఆవిడ అమ్మా?"

"కాదు, పక్కింటావిడ" అన్నాడు పిడుగు. "అమ్మ పనికెళ్లుంటుంది."

"ఎందుకలా అనుకుంటున్నావు?" అంది అధ్యక్షురాలు. ఎందుకు అనే హక్కు తనదే అయినట్టు ఎందుకమ్మ ఆవిడకేసి గుర్రుగా చూసి, తనూ మొదలుపెట్టింది. ఇక వాళ్లని ఆపడం నా వల్ల కాలేదు. గొడుగు ముసలాయనకి జలుబెలా చేసిందో, నిచ్చెన మనిషి ఎవరింటికి ఆలస్యంగా వెళ్తున్నాడో, రాజుగారి గుర్రం కడుపునొప్పి, అన్నీ వచ్చేశాయి. గంజి పెద్దమనుషుల్లో ఒకాయన సరిగ్గా వినపడక ముందుకొచ్చాడు. పిల్లలు ఊరుకోలేదు, ముడి పట్టుకోమన్నారు. ఆయన వెనక ఇంకొకరు వచ్చారు. గడియారం చూసుకున్నాయన కూడా వచ్చాడు. చివరికి తిరిగి చూస్తే, తాడు ఆఖరి ముడి దగ్గర క్యూరేటర్ గారు నిలబడి ఉన్నారు. ఆయన గోడకేసి కాదు, పిల్లలకేసి చూస్తున్నారు.

గంట ఎప్పుడో దాటిపోయింది. వెళ్లబోతూ అధ్యక్షురాలు మా అత్తయ్య దగ్గర ఆగింది.

"నా ముడికి రంగు ఎప్పుడు కడతారు?"

"వచ్చే వారం వస్తే కట్టి ఉంచుతాను. ఏ రంగు?"

"పసుపు మిగిలిందా?"

"ఉంది."

ఆవిడ తలూపి, గుమ్మం దాకా వెళ్లి, క్యూరేటర్ గారితో మామూలుగా అంది. "ఈ బోర్డు తీయించేయండి. దీని మేకు మాత్రం ఉంచండి. ఆ తాడు తగిలించుకోడానికి పనికొస్తుంది. ఈ అమ్మాయి ఉద్యోగం కాగితాలు కూడా నా దగ్గరికి పంపండి."

సాయంత్రం అదే బస్సు. మా ఆయన అద్దంలో నా మొహం చూశాడు. స్టాపు కూడా లేని చోట, రోడ్డు మీద ఒక్క పిట్టయినా లేకపోయినా, హారను పొడుగ్గా ఒకసారి కొట్టాడు. బస్సంతా ఉలిక్కిపడింది. పిల్లలు తాడు మాత్రం వదల్లేదు.

పిల్లలందర్నీ వాళ్ల వాళ్ల తల్లులకి అప్పగించాక, ముగ్గురం ముందుగదిలో టీ కప్పులతో కూలబడ్డాం. అత్తయ్య గుండీల డబ్బా ముందేసుకుని అడుగునుంచి పసుపు పేలిక ఒకటి వెతికి తీసింది. మూత పెట్టబోయి, ఆ బొమ్మకేసి కాసేపు చూసింది. పక్కన నేల మీద సుద్దబొమ్మ అలాగే ఉంది, మొహం లేకుండా.

"అమ్మాయ్, రేపు మీ మ్యూజియం తెరిచే ఉంటుందిగా?"

"ఉంటుందత్తయ్యా. కానీ పిల్లల గంట మళ్లీ వచ్చే వారమే."

"పిల్లలు కాదులే. రేపు వీడికి సెలవు." మా ఆయనకేసి చెయ్యి చూపించింది. "పొద్దున్నే తాడు వీడికిస్తాను. వీధి చివరిదాకా రెండుసార్లు వెనక్కి నడిపిస్తే వాడే నేర్చుకుంటాడు."

"నేనా? వెనక్కా?" అన్నాడు మా ఆయన. "అమ్మా, నేను బస్సు డ్రైవర్ని."

"అయితే ఇంకా త్వరగా వస్తుంది. ఊరికే మాట్లాడకు." నా వైపు తిరిగింది. "మనిద్దరం మొదటి బస్సుకి వెళ్దాం. వేసవంతా ఆ బొమ్మకి వీపు పెట్టే నిలబడ్డాను. ఆ పిల్లని పట్టుకునే మనిషి మొహం నేనింకా చూడనేలేదు. రేపు నువ్వు చెబుతూ ఉండు, నేను అటు తిరిగి చూస్తాను."